ఫుట్‌బాల్ శబ్దాల వెంట పది నెలలు

2024 డిసెంబరు 31 సాయంత్రం గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో, రాష్ట్రాల ఫుట్‌బాల్ జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. పశ్చిమ బెంగాల్, కేరళ జట్ల మధ్య తొంభై నిమిషాలూ గోలు లేకుండానే గడిచి, చివర కలిపిన సమయంలో రాబి హన్స్‌దా కొట్టిన ఒక్క గోలుతో బెంగాల్ 33వ సారి ట్రోఫీ గెలిచినప్పుడు నేను గ్యాలరీలోనే ఉన్నాను. జర్నలిజం విద్యార్థిగా అభ్యాసం కోసం ప్రేక్షకుల శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను కూడా. ఇంటికి వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే, సరిగ్గా ఆ గోలు దగ్గర స్టేడియం వినిపించలేదు, నా అరుపు ఒక్కటే వినిపించింది. కంప్యూటర్ తెరమీద ఆ చోట శబ్ద తరంగం తల నరికినట్టు చదునుగా ఉంది. అలా తెగిన ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా వెనక్కి తేలేదని ఆ రాత్రి తెలుసుకున్నాను. ధ్వని, వీడియో నేర్చుకోవడంతో మొదలై, మా తాతయ్య ఫుట్‌బాల్ జ్ఞాపకాలను వీడియోగా కూర్చే పనిదాకా వచ్చిన ఈ నోటుపుస్తకంలో మొదటి పేజీ ఆ రాత్రి రాసిందే.

జనవరి, ఫిబ్రవరి నెలలు పూర్తిగా ధ్వనికే ఇచ్చాను. మా కాలనీ పక్క మైదానంలో ఆదివారం ఉదయం ఆడే కుర్రాళ్ల మ్యాచులే నా ప్రయోగశాల. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేయడం, మామూలు కేకలు మైనస్ 18 డెసిబెళ్ల దగ్గర, గట్టి కేకలు మైనస్ 6 దాటకుండా ఉండేలా (సున్నా దాటితే తరంగం తెగుతుంది) స్థాయిని ముందే సరిచూసుకోవడం, చొక్కాకు పెట్టుకునే చిన్న మైకుకు గాలి తగలకుండా బొచ్చు తొడుగు వేయడం, ఇవి వరుసగా అలవడ్డాయి. స్థాయి చూసుకోవడానికి ఆట మొదలవకముందే ఒక పిల్లవాణ్ని పిలిచి, గోలు పడినప్పుడు ఎలా అరుస్తాడో అలాగే ఒకసారి అరవమంటాను. అన్నిటికంటే కష్టమైనది నేను మౌనంగా ఉండటం. ఆరు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు గోలు పడితే కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంటాను. శరీరానికి ఏదో ఒక పని దొరికితే గొంతు ఆగుతుంది.

మార్చిలో వీడియో మొదలుపెట్టి వెంటనే ఒక చిక్కులో పడ్డాను. సాయంత్రం దీపాల వెలుతురులో తీసిన దృశ్యాలన్నిటిలో నల్లటి అడ్డపట్టీలు కదులుతున్నాయి. ఫోన్ పాడైందనుకుని రెండు వారాలు బాధపడ్డాను గానీ కారణం వేరు. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా రకాల దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. నా ఫోన్ మాత్రం సెకనుకు 30 ఫ్రేముల లెక్కన, ఆ మినుకుకు పొంతన లేని షట్టర్ వేగంతో, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు తీసుకునే వ్యవధితో చిత్రీకరిస్తోంది. అమరికలు చేత్తో మార్చుకోనిచ్చే ఉచిత కెమెరా యాప్‌లో 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్ పెట్టగానే పట్టీలు పోయాయి. పరుగులో కాళ్లు మసకబారకుండా ఉండాలంటే 50 ఫ్రేములు, 1/100 ఇంకా మంచిది. పగటి ఎండలో ఈ నియమం అక్కరలేదు. నేను చూసిన చాలా పాఠాలు 60 హెర్ట్జ్ దేశాలవాళ్లు చేసినవి కాబట్టి, మనవాళ్లు ఈ ఒక్క అమరికను మొదటి రోజే మార్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

టీవీ ప్రసారంలోని దృశ్యాలను నేను ఎక్కడా వాడలేదు, వాటి హక్కులు నావి కావు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌పై ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ గెలిచిన రోజు, షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపడం టీవీలో చూసి ఇంట్లో ఎగిరి గంతేసినదాన్ని నేను. ఆ దృశ్యం ఒక్కటైనా పెట్టుకోవాలని మనసు లాగింది. పెట్టలేదు. బదులుగా ఆ కిక్కుల క్రమాన్ని నేనే బొమ్మగా గీసుకోవచ్చని తరువాత తోచింది.

అసలు పని మే నెలలో మొదలైంది. మా తాతయ్యది సికింద్రాబాద్. చిన్నతనంలో ఫతే మైదాన్‌లో, అంటే ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియంలో, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూసిన మనిషి. ఆ జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి ఆయన చెప్పే మాటలు ఇరవై ఏళ్లుగా వింటున్నా ఒక్కటీ రికార్డు చేసుకోలేదు. మొదటి రోజు ఫ్యాన్ ఆపేశాను, మే నెల ఎండ, పక్కింట్లో కుక్కర్ కూత. తాతయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, “గా ఫోను జర పక్కకు పెట్టు బిడ్డా, దాన్ని చూస్కుంట నాకు మాటలొస్తలేవు” అన్నారు. అప్పటినుంచి ఫోన్ ఆయన కళ్ల ముందు ఉండదు. మైకు కండువా అంచున ఉంటుంది, నేను ఎదురుగా ఉత్త చేతులతో కూర్చుంటాను. ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర లోపే రికార్డు చేస్తాం, ఆ వేళకు ఫ్యాన్ లేకపోయినా ఉండగలరు.

ముందుగా ముప్పై సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది శబ్దాన్ని రికార్డు చేస్తాను. ధ్వనిని కూర్చే ఆడాసిటీ సాఫ్ట్‌వేరులో ఆ భాగాన్ని నమూనాగా చూపించి రొద తగ్గించవచ్చు. మొదట అత్యాశతో 20 డెసిబెళ్లు తగ్గిస్తే తాతయ్య గొంతు నీళ్లలోంచి వచ్చినట్టయింది. ఇప్పుడు 6 దాటను. కొంచెం రొద మిగిలినా మనిషి గొంతు మనిషిదిగా ఉంటుంది.

రెండో రోజు తాతయ్య ఒక మాటన్నారు: సిటీ పోలీస్ వరుసగా ఆరేండ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఫుట్‌బాల్ పోటీ గెలిచిందని. రికార్డుల ప్రకారం అది 1950 నుంచి 1954 వరకు అయిదేళ్లు. తరగతిలో నేర్చుకున్న సరిచూసుకోవడం అనే పని మన ఇంటి పెద్దవాళ్ల మాటకు కూడా వర్తిస్తుందని ఒప్పుకోవడం నాకు కష్టమైంది. ఆ వాక్యాన్ని తీసేయాలా, ఉంచాలా అని వారం రోజులు ఆలోచించి, ఆయన మాటను అలాగే ఉంచి తెరమీద సరైన సంవత్సరాలు వేశాను. ముందు ఆయనకే చూపించాను. కళ్లద్దాలు సవరించుకుని, “అయిదేనా? సరే, రాసిందే ఉంచు” అన్నారు. మిగిలినవి సరిపోయాయి: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు నాలుగో స్థానం, 1962 సెప్టెంబరు 4న జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపు, మరుసటి ఏడాది జూన్‌లో రహీమ్ మరణం. సికింద్రాబాద్‌లోని అమ్ముగూడ నుంచి వచ్చిన ఆటగాడు తులసీదాస్ బలరామ్ పేరెత్తగానే తాతయ్య గొంతు మారుతుంది. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారన్న వార్తను చదివి వినిపించింది నేనే. తాతయ్య గొంతులోని ఆ మార్పు అక్షరాల్లో రాదు. ధ్వని నేర్చుకున్నందుకు నాకు దక్కిన ఫలం అదే అనుకుంటాను.

శీర్షికల పని జూలై నుంచి సాగుతోంది. తెలుగు అక్షరాలతో ఒక ఇబ్బంది ఉంది: నేను మొదట వాడిన వీడియో యాప్‌లో వత్తులు విడిపోయి పక్కన పడేవి, “రాష్ట్రం” అనే మాట గుర్తుపట్టలేకుండా వచ్చేది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరులో మాటను టైపు చేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దించుకుని వీడియోపై పెడితే అక్షరం చెక్కుచెదరదు. పెద్ద శీర్షికలకు రామభద్ర, చిన్నవాటికి మండలి ఫాంటు వాడుతున్నాను. సంభాషణ కింద వచ్చే పాఠాన్ని ఎస్‌ఆర్‌టీ ఫైలుగా, అంటే ఏ మాట ఏ సెకనుకు కనిపించాలో చెప్పే ఫైలుగా రాస్తాను. అందులో సెకన్ల తరువాత చుక్క కాకుండా కామా పెట్టాలన్నది ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి. తాతయ్య “పోయినం” అంటే “వెళ్లాము” అని దిద్దను. మాటలు విని తానుగా రాసిపెట్టే సాధనం అలా మార్చిన ప్రతిచోటా వెనక్కి మారుస్తాను, అందుకే ఒక నిమిషం మాటకు ఇప్పటికీ ఏడెనిమిది నిమిషాలు పడుతోంది.

పాత ఫోటోలతో పని ఇంకా తేలలేదు. మన చట్టంలో ఫోటోపై హక్కు ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉండేది, 2012 సవరణతో అది తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లుగా మారింది.  అందుకే ఏది ఎవరు తీశారో, ఎప్పుడు తొలిసారి అచ్చయిందో చూపే ఆధారం చేతిలో ఉండాలి. ఆధారం దొరికిన రెండింటినే తీసుకుని, ఫైలు పేరులోనే పత్రిక, తేదీ రాసుకున్నాను. అన్ని ఫైళ్లకూ పేరు సంవత్సరం, నెల, రోజు అనే వరుసలోనే మొదలవుతుంది. ప్రతి రికార్డింగుకూ మూడు ప్రతులు ఉంటాయి: ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఒకటి అక్క వాళ్లింట్లో పెన్ డ్రైవ్‌లో.

అక్టోబరు చివరికి తాతయ్య మాటలు మొత్తం మూడు గంటల పది నిమిషాలు చేరాయి, వాటిలో కూర్పు పూర్తయింది పదకొండు నిమిషాలు. వచ్చే ఆదివారం ఆయన్ను అమ్ముగూడ తీసుకెళ్తున్నాను. బలరామ్ పుట్టిన ఊరి వీధుల్లో నడుస్తూ మాట్లాడతానన్నారు. నడిచేటప్పుడు కండువా మైకుకు ఒరుసుకుంటుంది కనుక నిన్న చొక్కా రెండో గుండీ దగ్గర, బట్ట లోపలివైపు టేపుతో అంటించి మా వీధి చివరిదాకా నడిపించి చూశాను. ఒరిపిడి లేదు. లారీ హారన్ ఒకటి వచ్చింది, అది ఉండనిచ్చాను.