అగ్గిపుల్లలు

అల్మారా తలుపు మూడోసారి ఊడి చేతికొచ్చింది. పనివాళ్ళకి ఫోన్ చేస్తే వారం దాకా కుదరదన్నారు. అదే సమయానికి నాన్న వీడియో కాల్ చేశారు. తలుపు చూపించమన్నారు. ఫోన్ పట్టుకోడానికి మా పదకొండేళ్ళ అమ్మాయిని పిలిచాను.

"స్క్రూ ఎంత తిప్పినా పట్టదమ్మా, చెక్కలో కన్నం పెద్దదైపోయింది. రెండు అగ్గిపుల్లలు తీసుకుని మందున్న తలలు విరిచెయ్. జిగురు రాసి కన్నంలోకి దూర్చు. బాగా ఆరాక, బయట మిగిలిన ముక్కలు కోసేసి స్క్రూ బిగించు" అన్నారు.

"తాతయ్యా, కన్నం అంటే?" అని అడిగింది అమ్మాయి. తర్వాత జిగురు అంటే ఏమిటని, ఆ తర్వాత దూర్చడం అంటే ఏమిటని. స్క్రూని "గట్టిగా చెయ్యనా?" అంటే, "బిగించనా అనాలి బంగారం" అన్నారాయన. జిగురు ఆరాక తనే మళ్ళీ ఫోన్ చేసి, ఆయన చూస్తుండగా స్క్రూ బిగించింది. ఆ రోజు తాతా మనవరాలూ నలభై నిమిషాలకు పైగా మాట్లాడుకున్నారు. మామూలుగా అయితే బాగున్నావా, బాగున్నా, తిన్నావా, తిన్నా. అంతే, ఫోన్ నా చేతికొచ్చేస్తుంది.

ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. పిల్లలకి తెలుగు రావాలని అక్షరాల కార్డులు కొన్నాను, వారాంతం క్లాసుల్లో చేర్పించాను. కానీ ఇంట్లో తెలుగుకి పనే లేకుండా పోయింది. తినమనడానికి, పడుకోమనడానికి, కోప్పడటానికి తప్ప దాన్ని నేను వాడటమే లేదు. బిగించడం, వదులు చేయడం, గీకడం, నునుపు చేయడం లాంటి మాటలు కార్డుల్లో కనిపించవు. చేతిలో పని ఉంటేనే నోట్లోకి వస్తాయి. దూరంగా ఉన్న తాతయ్య కూడా అప్పుడు పలకరింపుల మనిషిగా మిగిలిపోడు, పని నేర్పే మనిషవుతాడు.

అందుకే తర్వాతి వారాంతం బాబు గది గోడ మొదలుపెట్టాం. వాడికి ఏడేళ్ళు. పాత మేకుల కన్నాల్లో లప్పం పెట్టడం, ఆరాక గరుకు కాగితంతో రుద్దడం వాడి పని. దుమ్ము పీల్చకుండా మాస్కు పెట్టాను. ఆత్రం ఆగక, లప్పం మీద, రంగుకి ముందు వేసే పూత, అదే ప్రైమర్, వెయ్యకుండానే ఒకచోట రంగు వేసేశాడు. లప్పం రంగుని పీల్చేసుకుంటుంది కదా, ఆరేసరికి అక్కడ మచ్చలా తేలింది. వాడి మొహం చిన్నబోయింది. ప్రైమర్ వేసి, ఆరనిచ్చి, మళ్ళీ రంగు వేశాం. ఎక్కడ చెడిందో ఇప్పుడు వాడే వేలు పెట్టి వెతుకుతాడు, దొరకదు.

ఆ పని మధ్యలోనే వాడు నన్నొక మాట అడిగాడు. నిచ్చెన పట్టుకున్నాడు, బ్రష్ అందించాడు, తడిగుడ్డ తెచ్చాడు. "అమ్మా, నువ్వు నాకు ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు" అన్నాడు. మన మధ్య థాంక్స్ ఏంట్రా అనేశాను. మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు, ఆ లోటూ నాకు తెలియలేదు. ఆవిడ ప్రేమ వేరే రకంగా అందేది. కానీ వీడు పెరుగుతున్న చోట తలుపు పట్టుకున్నా థాంక్స్ చెబుతారు. అక్కడ చెప్పకపోతే, చేసింది ఎవరూ చూడలేదని అర్థం. ఏడేళ్ళ పిల్లాడు అడిగింది అంతే, నన్ను చూశావా అని.

ఇప్పుడు చెబుతున్నాను. ఉత్త థాంక్స్ అనడం నాకింకా అలవాటు కాలేదు, అందుకే చేసిన పనే చెబుతాను. "నువ్వు నిచ్చెన పట్టుకున్నావు కాబట్టే భయం లేకుండా ఎక్కాను నాన్నా." వాడికి అది చాలు. పిల్లలకి మనం నేర్పడమే కాదు, వాళ్ళున్న లోకంలో మంచిదేదైనా ఉంటే మనమూ తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ నిచ్చెన పక్కింటి పెద్దావిడది. తిరిగి ఇచ్చే ముందు అమ్మాయి దాని మీద పడ్డ రంగు చుక్కలన్నీ తుడిచింది. వాటితో పాటు మనవి కాని పాత మరకలు కూడా గీకుతుంటే ఎందుకన్నాను. "తెచ్చినప్పటికన్నా బాగా చేసి ఇవ్వమన్నారు తాతయ్య" అంది. అరువు తెచ్చిన వస్తువు గురించి నాన్న నాకూ చిన్నప్పుడు అదే చెప్పారు. నేను పిల్లలకి చెప్పడం మర్చిపోయాను.

అక్కాతమ్ముళ్ళిద్దరూ నిచ్చెన మోసుకెళ్ళారు. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక అమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోంచే అరిచింది. "అమ్మా, వాళ్ళ చెక్కగేటు వాలిపోయి నేలకి రాసుకుంటోంది. స్క్రూ తిరుగుతోంది కానీ బిగుసుకోవట్లేదు. అగ్గిపుల్లలు ఉన్నాయా? తాతయ్య ఇప్పుడు మేలుకునే ఉంటారా?"