‘ఏమన్నారు?’ అని అడిగాడు, నేను దిగిపోయాను

రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఇది జరిగి రెండు నెలలు దాటింది, అయినా రాత్రి పడుకోబోయే ముందు గుర్తొస్తే ఇప్పటికీ దుప్పటి మొహం మీదికి లాక్కుంటాను. కానీ రోజూ ఒకే రైల్లో వెళ్తూ, ఒక మనిషిని ఇష్టపడుతూ, ఒక్క మాట కూడా కలపలేకపోతున్నవాళ్లు నాలా చాలామంది ఉంటారని నాకు గట్టి నమ్మకం. వాళ్లతో చెప్పుకోవాలని ఉంది.

నేను రోజూ 8:12 రైలు ఎక్కుతాను. మూడో కోచ్, రెండో తలుపు. నేనెక్కిన రెండు స్టేషన్ల తర్వాత అతను ఎక్కుతాడు. ఏడు నెలలుగా చూస్తున్నాను. పేరు తెలియదు, ఏం చేస్తాడో తెలియదు. తెలిసింది ఒక్కటే, అదే నన్ను పట్టేసింది. ఎవరైనా పెద్దవాళ్లు ఎక్కితే అతను లేచి సీటు ఇచ్చే పద్ధతి వేరుగా ఉంటుంది. ‘రండి, కూర్చోండి’ అనడు. వాళ్లు దగ్గరికి రాకముందే లేచి, తన స్టేషన్ వచ్చేసినట్టు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడతాడు, కానీ దిగడు. ఇంకా ఐదారు స్టేషన్లు అలాగే నిలబడి వెళ్తాడు. థాంక్స్ చెప్పాల్సిన అవసరం కూడా వాళ్లకు రాకూడదని అలా చేస్తాడని నాకు మూడోసారి చూసినప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నేను ఆ రైలు ఒక్కరోజు కూడా కావాలని మిస్ అవ్వలేదు.

ఏడు నెలల్లో ఒక్కసారైనా పలకరించొచ్చు కదా అని అక్క అడిగేది. పలకరించలేం, అదే సమస్య. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1972లో దీని గురించే రాశాడు. ఆయన విద్యార్థులు పొద్దున్నే స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డవాళ్లను ఫొటోలు తీసి, తర్వాత ఆ ఫొటోలనే అక్కడి ప్రయాణికులకు ఇచ్చి ఇందులో ఎవరెవరిని గుర్తుపడతారని అడిగారు. సగటున ఒక్కొక్కరూ తాము ఎప్పుడూ మాట్లాడని మనుషుల్ని నలుగురిని గుర్తుపట్టారు. అంటే మొహం బాగా తెలుసు, మనిషి మాత్రం తెలియదు. ఇలా మాట్లాడకుండా ఎన్నాళ్లు గడిస్తే ఆ మౌనం అంత గట్టిపడుతుందని, అదే ఇద్దరూ ఎక్కడో దూరదేశంలో ఎదురుపడితే మాత్రం వెంటనే పలకరించుకుంటారని కూడా ఆయన గమనించాడు. ఇది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. మొదటి వారంలో ‘హలో’ అనడం చిన్న విషయం, ఏడో నెలలో అదే మాట అనాలంటే ఇన్నాళ్లూ ఎందుకు అనలేదో కూడా చెప్పాల్సి వస్తుందేమో అనిపిస్తుంది.

అలా ఉండగా నాకు జ్వరం వచ్చింది. ఆరు రోజులు ఆఫీసుకి వెళ్లలేదు. మంచం మీద పడుకుని కూడా 8:12కి ఫోన్‌లో టైమ్ చూసుకునేదాన్ని. నేను కనిపించకపోతే అతనికి తేడా తెలుస్తుందా, ఆ రెండో తలుపు దగ్గర రోజూ ఉండే అమ్మాయి ఏమైందని ఒక్కసారైనా అనుకుంటాడా అని. ఈ ఆలోచన ఆరు రోజులూ బుర్రలో తిరిగింది కాబట్టే ఆ తర్వాత జరిగింది జరిగింది. 

ఏడో రోజు ఎక్కాను. ఇంకా నీరసంగానే ఉంది. అతను ఎక్కాడు, సీట్లు లేవు, సరిగ్గా నా పక్కకే వచ్చి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. రైలు సొరంగంలోకి వెళ్లింది. బయట చీకటి పడేసరికి కిటికీ అద్దంలా మారి మా ఇద్దరి మొహాలూ అందులో కనిపించాయి. అతను అద్దంలోకి చూస్తూ నవ్వి అన్నాడు.

“ఎలా ఉన్నారు? చాలా రోజులైంది.”

నా గుండె ఎక్కడుందో కూడా తెలియలేదు. అద్దంలో అతని కళ్లు నా వైపే ఉన్నాయి, ఒట్టు. “బాగున్నానండీ” అన్నాను.

“ఒంట్లో ఎలా ఉంది ఇప్పుడు?”

“జ్వరం తగ్గిందండీ, కొంచెం నీరసం ఉంది అంతే.”

“ఇంకొన్నాళ్లు రెస్ట్ తీసుకుంటే బాగుండేది కదా.”

“లేదండీ, సెలవులు అయిపోయాయి” అన్నాను. అప్పటికి నాకు భయం పోయింది, సంతోషం వచ్చేసింది. తను గమనించాడు, నేను రాలేదని గమనించాడు, ఒంట్లో బాగాలేదని కూడా ఊహించాడు! ఏడు నెలలు వేచి చూసినందుకు ఫలితం దక్కిందనుకుని, అతని వైపు పూర్తిగా తిరిగి, “మీరెలా ఉన్నారు? నేను రాలేదని మీకు…” అని మొదలుపెట్టాను.

“సరే బాబాయ్, ఆ మందులు మాత్రం మానకండి” అన్నాడతను.

బాబాయ్. ఆ ఒక్క మాటతో కాళ్ల కింద నేల కదిలిపోయింది. అతని జుట్టు చెవుల మీదికి పడేంత పొడవుంటుంది, దాని కింద ఇయర్‌బడ్ ఉంది, నాకు కనిపించలేదు. వైరు ఉన్న రోజుల్లో ఇలా జరిగేది కాదు. వైరు కనిపిస్తే అవతలి మనిషి ఫోన్‌లో ఉన్నాడని తెలిసిపోయేది, చేత్తో మైకు నోటి దగ్గరికి లాక్కోవడం చూసైనా అర్థమయ్యేది. ఇప్పుడు మైకులు కూడా ఆ చిన్న బిళ్లలోనే ఉంటున్నాయి. పైగా అందులో నాయిస్ క్యాన్సలేషన్ ఒకటి. బయటి శబ్దాన్ని మైకుతో పట్టుకుని, దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండే తరంగాన్ని లోపల వినిపించి, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా చేస్తుంది. రైలు ఒకే తీరుగా చేసే హోరును అది బాగా తగ్గిస్తుంది గానీ మనుషుల మాటను అంత పూర్తిగా ఆపలేదు. అందుకే కావచ్చు, నా మొదటి మూడు జవాబులూ అతనికి చేరలేదు, నేను మొహంలో మొహం పెట్టి గొంతు పెంచి అన్న నాలుగోది మాత్రం చేరింది.

అతను ఒక చెవిలోది తీసి, నా వైపు తిరిగి, మామూలుగా, మర్యాదగా అడిగాడు. “ఏమన్నారు?”

నా మొహం మండిపోయింది. సిగ్గుతో మొహం ఎర్రబడటం మన చేతుల్లో ఉండదు, మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాలు చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, ఎక్కువ రక్తం వచ్చి వేడి తెలుస్తుంది. ఆపాలని ప్రయత్నిస్తే, ఎదుటివాళ్లకు కనిపిస్తోందేమోనని ఆలోచిస్తే ఇంకా ఎక్కువవుతుంది. కావాలనుకున్నా తెచ్చుకోలేని, వద్దనుకున్నా ఆపుకోలేని ఈ ఎరుపు చార్లెస్ డార్విన్‌కి ఎంత వింతగా అనిపించిందంటే, 1872లో మనుషుల, జంతువుల భావప్రకటన మీద రాసిన పుస్తకంలో దీనికోసమే ఒక అధ్యాయం కేటాయించాడు. నాకు ఆ క్షణంలో ఇవేవీ తెలియవు. చెవులు కాలిపోతున్నాయి, రైలు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. నేను దిగేశాను. నా స్టేషన్ ఇంకా రెండు స్టేషన్ల అవతల ఉంది.

ఎప్పుడూ దిగని స్టేషన్. బెంచీ మీద కూర్చుని మూడు రైళ్లు వదిలేశాను. ఆఫీసుకి లేటుగా వెళ్లాను. మర్నాటి నుంచి 7:40 రైలుకి మారిపోయాను, దానికోసం అరగంట ముందు లేచేదాన్ని. తొమ్మిది రోజులు అలా వెళ్లాను.

ఆ తొమ్మిది రోజుల్లో నేను చేసిందల్లా ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ తలచుకోవడం. కోచ్‌లో అందరూ చూశారని, కనీసం ఎదురు సీట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వుకున్నారని నాకు ఖాయంగా అనిపించేది. నిద్రపట్టక చదువుతుంటే థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్ట్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటి కనిపించింది. వేసుకోవడానికి మొహమాటపడే బొమ్మ ఉన్న టీషర్ట్ ఒకటి విద్యార్థులకు తొడిగి, ఇతర విద్యార్థులున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు, నిజానికి గమనించింది పావు వంతు మందే. మనల్ని లోకమంతా చూస్తోందనిపిస్తుంది గానీ అందులో సగం మన ఊహే. ఇది చదివాక ఆ ఇద్దరు ఆడవాళ్ల గురించి నాకున్న బాధ నిజంగానే తగ్గింది. వాళ్ల ఫోన్‌లో వాళ్లు ఏదో చూసి నవ్వుకుని ఉంటారు. కానీ అతని విషయంలో ఈ ప్రయోగం నాకేం పనికొస్తుంది? అతను గమనించాడో లేదో ఊహించక్కర్లేదు, చెవిలోది తీసి మరీ అడిగాడు.

అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

“అతను ఏమన్నారు అని అడిగితే నువ్వేం చెప్పావే?”

“ఏం చెప్పలేదక్కా, దిగిపోయాను.”

కాసేపు ఏం మాట్లాడలేదు. “అయితే ఆ అబ్బాయి అడిగినదానికి జవాబే రాలేదన్నమాట పాపం” అంది.

నేను అప్పటిదాకా ఆ వైపు నుంచి ఆలోచించనేలేదు. తొమ్మిది రోజులూ నా పరువు, నా మొహం, నా మాటలే. పక్కన నిలబడ్డ అమ్మాయి ఏదో అంది, వినపడక మర్యాదగా అడిగితే మొహం ఎర్రగా పెట్టుకుని దిగి వెళ్లిపోయింది, మళ్లీ ఆ కోచ్‌లో కనిపించలేదు. అతని వైపు నుంచి చూస్తే జరిగింది ఇది. పొరపాటున జవాబివ్వడం తప్పు కాదు, ఎవరికైనా జరుగుతుంది. అడిగినప్పుడు చెప్పకుండా వెళ్లిపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టడం మొదలైంది.

అయినా ధైర్యం అంత తొందరగా రాలేదు. నికోలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి అంతకుముందెప్పుడో చదివాను, మళ్లీ వెతికి చదివాను. షికాగో చుట్టుపక్కల రైల్లో వెళ్లేవాళ్లలో కొందరిని పక్కనున్న కొత్తవాళ్లతో మాట కలపమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. మాట్లాడినవాళ్ల ప్రయాణమే ఎక్కువ హాయిగా గడిచింది. విచిత్రమేమిటంటే, ముందుగా ఊహించి చెప్పమంటే జనం దీనికి పూర్తిగా రివర్స్‌లో చెప్పారు. బాగుంది, కానీ వాళ్లెవరూ పక్కనున్న మనిషిని ఏడు నెలలుగా ఇష్టపడుతున్నవాళ్లు కాదు, ఒకసారి మాట్లాడి పారిపోయినవాళ్లు కూడా కాదు. అందుకే దాన్ని నాకు పూర్తిగా వర్తింపజేసుకోలేదు. నేను మళ్లీ 8:12 ఎక్కింది అక్క అన్న ఆ ‘పాపం’ వల్లే.

అతను ఎక్కాడు. నన్ను చూసి వెంటనే చూపు తిప్పుకుని అవతలి తలుపు వైపు వెళ్లబోయాడు. నేనే రెండడుగులు వేసి, చెవుల వైపు చూశాను, ఏమీ లేవు.

“ఆ రోజు మీరు ఏమన్నారు అని అడిగారు, నేను చెప్పకుండా దిగిపోయాను, సారీ అండీ” అన్నాను. ఇంట్లో పదిసార్లు అనుకున్న వాక్యం అది, అయినా గొంతు వణికింది.

“అయ్యో, మీరెందుకండీ సారీ? నేనే గట్టిగా మాట్లాడి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాననుకున్నాను. చెవిలో అవి ఉంటే మన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియదు కదా. మీరు మెల్లగా మాట్లాడమని ఉంటారు, నాకు వినపడలేదు, కోపం వచ్చి దిగిపోయారు అనుకున్నాను. అప్పట్నుంచి రైల్లో ఫోన్ మాట్లాడటం మానేశాను.”

అంటే ఈ తొమ్మిది రోజులూ అతను కూడా సిగ్గుపడుతూనే ఉన్నాడు, అదీ చేయని తప్పుకి. నా వల్ల. అప్పుడిక దాచాలనిపించలేదు. “కాదండీ, మీరు నన్నే అడుగుతున్నారనుకున్నాను. ఎలా ఉన్నారు, ఒంట్లో ఎలా ఉంది అని. నేను అంతకుముందు ఆరు రోజులు జ్వరంతో రాలేదు, అందుకని నన్నే అనుకుని జవాబు చెప్పాను” అన్నాను. మొహం మళ్లీ మండుతోంది, ఈసారి అలాగే నిలబడ్డాను.

అతను నవ్వలేదు. కాసేపు ఆ రోజు మాటలన్నీ గుర్తు చేసుకుంటున్నట్టు ఉండి, “తగ్గిందా మరి జ్వరం?” అని అడిగాడు.

“తగ్గిందండీ. మీ బాబాయ్ గారికి ఎలా ఉంది?”

ఆయనకు ఆపరేషన్ అయిందట, ఇప్పుడు ఇంట్లో నాలుగడుగులు నడుస్తున్నారట, మందులు వేసుకోమంటే మాత్రం చిన్నపిల్లాడిలా మారాం చేస్తున్నారట. నా స్టేషన్ వచ్చేదాకా ఆయన గురించే చెప్తూ ఉన్నాడు.