జెండా పాట, నా ఇంట్రో

ఫిబ్రవరి, గురువారం రాత్రి

నా చున్నీ బకెట్లో వేస్తూ అమ్మ నాలుగు తుమ్ములు తుమ్మింది. "బీఏ చదువుతున్నవా, కారం గిర్నీల పని జేస్తున్నవా?" అని అడిగింది.

మా కాలేజీ చిన్నది. మాస్ కమ్యూనికేషన్, పొలిటికల్ సైన్స్, తెలుగు సాహిత్యం తీసుకున్నవాళ్లం మొత్తం పదకొండు మందిమి. ఒక్కరు డుమ్మా కొట్టినా క్లాసు ఖాళీగా కనిపిస్తుంది. చుట్టాలు ఎవరొచ్చినా "మరి టీవీల ఎప్పుడు కనవడతవ్?" అనే అడుగుతారు. జవాబు చెప్పడం మానేశాను. నిన్న మేడమ్, "వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్‌కు పోయి మూడు వందల మాటల్లో వార్త రాసుకు రండి. ఇంట్లో కూర్చుని రాస్తే నాకు తెలిసిపోతుంది" అన్నారు.

ఉదయం ఆరున్నరకే హన్మకొండ చౌరస్తాలో బస్సెక్కాను. మార్కెట్ గేటు దాటకముందే దగ్గు మొదలైంది. హమాలీలు ముక్కుకు తువ్వాల చుట్టుకుని పని చేస్తున్నారు. ఒకచోట చపాటా మిర్చి, టమాటాల్లా ఉబ్బుగా ఉంది. 2025లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకన్న గుర్తింపు) వచ్చిన కాయ ఇదే. ఫొటోకు భలే ఉంటుంది, నేనూ నాలుగు తీశాను. వార్తకు పనికిరానివి.

జెండా పాట అనే మాట చిన్నప్పటి నుంచి పేపర్లో చదువుతున్నా, చూడటం ఇదే మొదటిసారి. నిజంగానే జెండా ఎత్తుతారు. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన లాట్‌కు (ఒకరి బస్తాల కుప్పకు) ఖరీదుదారులు వేలం పాట పాడతారు. ఎక్కువ పలికిన రేటే జెండా పాట. అది తేలగానే నా వెనకున్న విలేకరి ఫోన్లో రేటు చదివి పంపేశాడు. రేపు జిల్లా పేజీలో అదే వస్తుంది. అబద్ధం కాదు, ఆ రేటు పలికింది. ఒక్క లాట్‌కు.

రెండు వరుసల అవతల బస్తా మీద కూర్చున్న తాతను పలకరించాను. తేజ రకం, పద్నాలుగు బస్తాలు. ఖరీదుదారు వచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు కాయ లాగి, ఒకటి విరిచి చూసి, నెమ్ము ఉందన్నాడు. ఇంకో రెండు బస్తాలు చూసి ఏదో గొణిగి వెళ్లిపోయాడు. అంతా కలిపి నిమిషం పట్టలేదు.

"జెండా పాట రాదా తాతా?"

"గా పాట నాది గాదు బిడ్డా, జెండాది. నిన్న పేపర్ల రేటు జూసే బండి కట్టించిన."

'ఎవరు, ఏం, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ప్రభావంతో' అనే లాస్‌వెల్ కమ్యూనికేషన్ సూత్రాన్ని (1948) పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆ చివరి 'ప్రభావం' నా ముందు బస్తా మీద కూర్చుని బీడీ వెతుక్కుంటోంది.

తాతది ఇనుగుర్తి దగ్గర పల్లె. మొన్ననే ఆ పేరు మీడియా చరిత్ర క్లాసులో విన్నాను. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తిలోనే ప్రెస్సు పెట్టి 'తెనుగు' వారపత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో, అదీ ఒక పల్లెలో! చెబితే, "మా దిక్కు పేపర్ అచ్చుగొట్టిండ్రా?" అని నవ్వాడు. కాంటా అయ్యాక తక్‌పట్టీ (బరువు, రేటు, డబ్బు రాసిన చీటీ) చూపించి, అడగగానే ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు.

మధ్యాహ్నం క్లాసులో గర్వంగా నా ఇంట్రో, అంటే వార్త మొదటి వాక్యం, చదివాను: జెండా పాట జెండాకే, రైతుకు క్వింటాకు రెండు వేలు కోత. మేడమ్ 'రెండు వేలు' చుట్టూ సున్నా చుట్టి, "ఏ కాయకు?" అన్నారు. అంతే, వేరే మాట లేదు. నాకు గొంతు పెగల్లేదు. తక్‌పట్టీలో కింది అంకె చూసి, మొత్తం డబ్బును మొత్తం బరువుతో భాగించింది నేనే. పైన రెండు వరుసలున్న సంగతి పట్టించుకోలేదు.

సాయంత్రం తాతకు ఫోన్ చేశాను.

"రెండు బస్తాలు రంగు వోయిన తాలు కాయ వడ్డయి బిడ్డా, దాని రేటు దానిదే. మంచి కాయకు పాట కన్న ఆరు నూర్లే తక్కువొచ్చింది."

పేపర్ వాళ్లు ఒక్క లాట్ పట్టుకున్నారని నవ్వుకున్నాను గానీ, మంచి కాయనూ తాలునూ ఒకే రోట్లో వేసి దంచింది నేను.

"పేపర్ల ఎప్పుడొస్తది?" అన్నాడు.

"పేపర్‌కు కాదు తాతా. మా మేడమ్ చదువుతది."

"గంతేనా!" కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే తాలుది సుత రాయి. మంచి కాయ రేటొక్కటే రాస్తే మల్ల మావోళ్లు బండ్లు కట్టుకోని ఉరుకుతరు" అన్నాడు.

పదకొండున్నర అయింది. ఇంట్రో నాలుగోసారి కొట్టేశాను. చేతులు మూడుసార్లు కడిగానన్న ధైర్యంతో ఇప్పుడే కన్ను నలుపుకున్నా. మంట.