పొడవాటి శాస్త్ర పదాలకు గురులఘువుల సాయం

ఎంపికలో డెమో, అంటే పాఠం చెప్పి చూపించడం, ఉన్న సైన్సు ఉపాధ్యాయ పోస్టులకు సిద్ధమవుతున్న మిత్రులకు, ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో చదివిన మన కడప జిల్లా వారికి, జీవశాస్త్ర పదాల ఉచ్చారణను నేను సాధన చేసిన తీరు చెప్పదలిచాను.

పదాన్ని అర్థం కోసం విడగొట్టే చోటు, పలకడం కోసం విడగొట్టే చోటు ఎప్పుడూ ఒకటే కావు. సీతాకోకచిలుకలు చేరే లెపిడాప్టెరా క్రమం పేరులో ‘లెపిడో’ అంటే పొలుసు, ‘ప్టెరా’ అంటే రెక్కలు. స్పెల్లింగు గుర్తుండాలంటే అక్కడే విడగొట్టాలి. పలికేటప్పుడు మాత్రం లె-పి-డాప్-టె-రా అని పకారం ముందు అక్షరంతో పోతుంది. అదే పి, టి జంట పదం మొదట్లో వస్తే పి పలకదు కనుక టెరిడోఫైటా అంటాము.

అసలు చిక్కు ఊనిక (స్ట్రెస్) దగ్గర ఉంది. మనం అక్షరాలన్నిటినీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాము; ఇంగ్లీషులో ఒకటి పైకి లేస్తుంది, చుట్టూ ఉన్నవి తేలిపోతాయి. లేచేది ఏదో పట్టుకోవడానికి బడిలో మార్కుల కోసం నేర్చుకున్న ఛందస్సు అక్కరకు వచ్చింది. లాటిను నుంచి, లాటిను ద్వారా గ్రీకు నుంచి వచ్చిన పదాలలో చివరి నుంచి రెండో అక్షరం గురువైతే, అంటే పలకడంలో దీర్ఘమో హల్లుతో ముగిసేదో అయితే, సాధారణంగా ఊనిక దాని మీదే పడుతుంది: మెడల్లాలో ‘డల్’, సెరిబెల్లమ్‌లో ‘బెల్’, డుయోడీనమ్‌లో ‘డీ’. అది లఘువైతే ఊనిక ఇంకొక అక్షరం వెనక్కి జరుగుతుంది: రెటిక్యులమ్‌లో ‘టి’, మైటోకాండ్రియాలో ‘కాన్’, ఫోటోసింథసిస్‌లో ‘సిన్’. చివర ‘ఇక్’ చేరితే మాత్రం సాధారణంగా దాని ముందు అక్షరమే లేస్తుంది కాబట్టి ఫోటోసింథెటిక్‌లో ఊనిక ‘థె’ మీదికి మారుతుంది. కొన్ని పదాలు ఈ లెక్కకు లొంగవు. అనుమానం వస్తే నిఘంటువు చూడాలి. ఉచ్చారణ లిపిలో అక్షరానికి ముందు పైన ఉండే చిన్న నిలువు గీతే ఊనిక గుర్తు.

డీఆక్సీరైబోన్యూక్లియిక్ వంటి ఎనిమిది అక్షరాల పదాన్ని తోక నుంచి కట్టుకుంటూ రావడం మేలు: క్లీ-ఇక్, న్యూ-క్లీ-ఇక్, బో-న్యూ-క్లీ-ఇక్, ఇలా మొదటిదాకా. చివరి భాగం ముందే నోటికి పట్టి ఉంటుంది కనుక అక్కడికి చేరేసరికి తడబాటు ఉండదు. బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుని ఇది చేయలేము. నేను దేవుని కడప చెరువు గట్టు మీద నడుస్తూ చేసేవాణ్ణి, చూసేవాళ్ళు ఏమనుకున్నారో వేరే సంగతి.

డెమో పాఠంలోని పదాలను బోర్డు మీద రాస్తూ కూడా పలికి చూసుకోండి. రాసేటప్పుడు నోరు స్పెల్లింగు వెంట పోతుంది. సీ, హెచ్ కనబడగానే మైటోకాండ్రియాలోని కకారం చకారమయ్యే ప్రమాదం అప్పుడే ఎక్కువ.