మధ్యలో నిలబడ్డ డ్రమ్ము

మన బడి స్టోరు గదిలో రెండు సైడ్ డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము, సొట్టపోయిన ఒక బ్యూగిలు ఉండేవి. 2005లో నేను ఆరో తరగతిలో చేరేసరికే ఒక సైడ్ డ్రమ్ము పగిలిపోయి ఉంది. మిగిలిన ఆ ఒక్కటీ నా బెంచీ మిత్రుడి భుజాన ఉండేది. తన పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. మన బ్యాచీ వాళ్లకు చెప్పాల్సిన పనీ లేదు.

ఆ ఏడు ఆగస్టు 15 ప్రభాత భేరి ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. మూడు వందల మందిమి జంటలు జంటలుగా బడి గేటు నుంచి బస్టాండు వైపు వరుస కట్టాం. డ్రమ్ము అందరికంటే ముందు. అక్కడ పదో తరగతి వాళ్లు ఎడమ కాలు వేస్తుంటే, చివరనున్న మాకు కుడి కాలు పడేది. డ్రిల్లు సారు తోక దగ్గరికి నడిచొచ్చి మా కాళ్లు చూశారు, తలెత్తి దూరాన డ్రమ్మును చూశారు. దెబ్బలు పడతాయనుకున్నాం. సారు వరుస ఆపించి, నా మిత్రుణ్ణి భుజం పట్టి తీసుకొచ్చి సరిగ్గా మధ్యలో నిలబెట్టారు. "చప్పుడు కూడా నడిచే రావాలి గదరా" అన్నారు. అప్పట్నుంచి నేనున్నన్నాళ్లూ మన బడి డ్రమ్ము వరుస మధ్యలోనే నడిచింది.

వాడి దగ్గర నేర్చుకోవాలని రోజూ వెంటపడేవాణ్ణి. బెంచీ అంచున రెండు స్కేళ్లతో మొదలు. సారు చెప్పిన లెక్క 'డాడీ మమ్మీ': కుడిచేత్తో రెండు, ఎడమచేత్తో రెండు. నేను వాడి చేతులు చూస్తూ కొట్టేవాణ్ణి, ఎప్పుడూ వెంట్రుకవాసి వెనకబడేవాణ్ణి. "చేతులు చూడకు, చెవి పెట్టు. నా దెబ్బ కింద నీ దెబ్బ దాక్కోవాలె. రెండు వినపడ్డయంటే తప్పు నీదే" అనేవాడు. ఆ చెవి వాడికి ఇంటి నుంచి వచ్చింది. వాళ్ల నాన్న డప్పు కొట్టేవారు. చావుకు, జాతరకు, చాటింపుకు పిలుపొస్తే వెళ్లి తీరాల్సిందే. రానని చెప్పే వీలు ఆ ఇంటికి ఊరు ఇవ్వలేదు. వాడు మాత్రం డప్పు ముట్టేవాడు కాదు. వాడికి సైడ్ డ్రమ్మే కావాలి. తెల్ల బెల్టు, తెల్ల కాన్వాసు బూట్లు, వాడి దెబ్బకు నడిచే మూడు వందల మంది. ఆ రెంటికీ ఉన్న తేడా పదకొండేళ్ల నాకు తెలియలేదు. వాడికి ఎప్పుడో తెలుసు.

2009లో నాన్న ఉద్యోగం వల్ల టెక్సస్ వెళ్లాం. డల్లాస్ దగ్గర హైస్కూల్లో బ్యాండు క్లాసు ఉందని తెలిసి చేరాను. మొదటి రోజు నా ఎడమచెయ్యి పుల్లను కింది నుంచి పట్టుకోవడం చూసి అక్కడి టీచరు ఎవరు నేర్పారని అడిగారు. మన డ్రమ్ము భుజానికి వేలాడి ఒక పక్కకు వాలి ఉండేది కదా. వాలిన డ్రమ్మును కొట్టాలంటే ఎడమచెయ్యి అలా వెల్లకిలా తిప్పక తప్పదు. సైన్యాల్లో భుజాన డ్రమ్ము మోసిన కాలం నుంచి వచ్చిన పట్టు అది. అమెరికాలో ఇప్పుడు డ్రమ్మును చదునుగా నడుము ముందు బిగించుకుంటారు, ఆ పట్టుతో అవసరమే లేదు. అయినా చాలామంది దాన్ని వదలలేదు, 'ట్రెడిషనల్ గ్రిప్' అని గౌరవంగా పిలుచుకుంటారు. మన సైడ్ డ్రమ్మును అక్కడ స్నేర్ అంటారు, అది నాకు అలా దక్కింది.

ఆ టీచరే నాకు డ్రమ్ కోర్ గురించి చెప్పారు. పెళ్లి ఊరేగింపు బ్యాండు లాంటిదని అనుకుంటారేమో, కాస్త వివరంగా రాస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ లీజియన్ లాంటి మాజీ సైనికుల సంఘాలు ఊరూరా డ్రమ్ము, బ్యూగిలు దళాలు నడిపేవి. చర్చీలు, స్కౌట్ దళాలు కూడా పిల్లల కోసం పెట్టాయి. 1972లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పేరుతో వాటి సొంత ఛాంపియన్‌షిప్ విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ అనే ఊళ్లో మొదలైంది. ఆ మొదటిసారి కాలిఫోర్నియా నుంచి వచ్చిన అనాహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. ఫ్లూటు, క్లారినెట్ లాంటివి ఉండవు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, మైదానం ముందు గీత దగ్గర మరింబా లాంటి చెక్క పలకల వాద్యాలు, జెండాలు తిప్పే కలర్ గార్డ్, ప్రధానంగా ఇవే. నా రోజుల్లో ఒక్కో కోర్‌లో 150 మంది వరకు ఉండేవాళ్లం. 21 ఏళ్లు దాటితే చోటు లేదు. 12 నిమిషాలకు మించని ఒకే ప్రదర్శనను వేసవంతా ఊరూరా చేసి, ఆగస్టులో ఇండియానాపోలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో ముగిస్తారు.

2012 చలికాలంలో ఎంపికకు వెళ్లాను. తీసుకోలేదు. చేతులు బాగున్నాయి, కాళ్లే బాగాలేవన్నారు. అన్యాయమనిపించింది, వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత వీడియో చూసుకుంటే వాళ్లు చెప్పింది నిజమే. మనం నేర్చిన 'తేజ్ చల్'లో అడుగు మోగాలి. అక్కడ అడుగు చప్పుడు చేయకూడదు; మడమ ముందు ఆనించి పాదం మెల్లగా దొర్లించాలి, నడుము పైభాగం నీళ్ల మీద పడవలా కదలాలి. అడుగు పొడవు 22.5 అంగుళాలు, అయిదు గజాలకు ఎనిమిది అడుగులు. పక్కకు వెళ్లాల్సి వస్తే ఒంటిని ముందుకే ఉంచి కాలు మీద కాలు దాటిస్తూ ఎండ్రకాయలా నడవాలి. ఏడాది పాటు అపార్ట్‌మెంటు పార్కింగులో గీతలు గీసుకుని నడిచాను. 2014కు తీసుకున్నారు.

నాన్నకు ఇష్టం లేదు. వేలకు వేలు డాలర్లు ఫీజు కట్టాలి, ఇంటర్న్‌షిప్ వదులుకోవాలి. "ఎండలో డప్పు కొట్టడానికి ఎదురు డబ్బు కడతావా?" అన్నారు. ఆయన కోపంలో అన్న మాటే అయినా నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. డబ్బు కట్టి మరీ నేను ఎంచుకుంటున్న పనికి, నాకది నేర్పినవాడి ఇంట్లో ఎంచుకునే హక్కే లేకపోయింది. ఆ సంగతి నాన్నతో ఆ రోజు అనలేకపోయాను. రెండో ఏడు అమ్మ సెలవు పెట్టి ఒక వారం మా వంట ట్రక్కులో ఉల్లిపాయలు తరగడానికి వచ్చింది. పెద్ద ట్రక్కునే వంటిల్లుగా మార్చి రోజుకు నాలుగు పూటలు పిల్లలకు పెట్టేది ఇలాంటి తల్లిదండ్రులే.

మే చివర్లో శిక్షణ మొదలవుతుంది. పొద్దున టిఫిను నుంచి రాత్రి లైట్ల కింద పూర్తి ప్రదర్శన దాకా దాదాపు పన్నెండు గంటలు. పడక ఏదో ఒక స్కూలు జిమ్ నేల మీద, టూరు మొదలయ్యాక చాలా రాత్రులు బస్సులోనే. 2014 జూన్ 2న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోను తెరిస్తే మిత్రుడు పంపిన వీడియో ఉంది. తెలంగాణ వచ్చిన రాత్రి, మన సెంటరులో వాడు డప్పు కొడుతున్నాడు. ముట్టనన్నవాడే. ఉద్యమంలో ధూం ధాం వేదికలెక్కి అప్పటికి నాలుగేళ్లయిందట, నాకు ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ల నాన్న పక్కన నిలబడి, వరుసలో అడుగు మారుస్తూ, వంగి లేస్తూ కొడుతున్నాడు. ఎనిమిది మంది, ఒకే దెబ్బ. మా స్నేర్ వరుసంతా నా చుట్టూ చేరి ఆ వీడియో మూడుసార్లు చూసింది. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల, రెంటికీ రెండు గొంతులు ఎలా వస్తున్నాయో చెప్పమని ఒకడు అడిగితే భోజనం పళ్లెం బోర్లించి చూపించాను.

చప్పుడు కూడా నడిచే రావాలన్న డ్రిల్లు సారు మాట తలుచుకున్నది ఆ వారమే. మేం ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం అడ్డంగా 160 అడుగులు. శబ్దం సెకనుకు సుమారు 1,100 అడుగులు పోతుంది. వెనక గీత మీద మేం కొట్టిన దెబ్బ ముందు గీతకు చేరడానికి సెకనులో ఏడో వంతు పడుతుంది. నిమిషానికి 180 వేగంలో ఒక్కో దెబ్బకు ఉన్నది సెకనులో మూడో వంతే, అంటే దాదాపు సగం దెబ్బ ఆలస్యం. వెనకనున్న మేం ముందున్న మరింబాలను విని కొడితే, వాళ్ల చప్పుడు రావడానికొక ఆలస్యం, మాది ముందుకు పోవడానికి ఇంకొకటి. అందుకే డ్రమ్ కోర్‌లో ముందున్నవాళ్లు వెనక నుంచి వచ్చేదాన్ని వినాలి. వెనకున్నవాళ్లు ముందుదాన్ని వినకూడదు. స్నేర్ వరుస మధ్యలో నిలబడేవాడు ఒక్కడు, ముందు నిలబడి చేతులతో తాళం చూపించే డ్రమ్ మేజర్ చేతులు చూస్తాడు, మిగిలినవాళ్లం చెవులు లోపలికి, వాడి వైపు పెడతాం. 150 మంది కాలం ఆ ఒక్కడి రెండు చేతుల్లో ఉంటుంది. మన బడి వరుసలో నా మిత్రుడు నిలబడ్డ చోటు అదే.

ఆ ఏడు మేం ఫైనల్స్ 12 కోర్‌లలోకి రాలేదు. స్టాండ్లలో కూర్చుని చూశాం. బ్లూ డెవిల్స్ కోర్‌కు 99.65 వచ్చిన రాత్రి అది, ఆ పోటీల చరిత్రలోనే పెద్ద స్కోరు. నా గుండె కొట్టుకున్నది స్కోరుకు కాదు, వాళ్ల స్నేర్లకు. కళ్లు మూసుకుంటే ఒక్కడే కొడుతున్నట్టుంది. 2016 ఆగస్టులో నా వయసు గడువు తీరింది. చివరి రాత్రి పుల్లల మీది తెల్ల టేపు విప్పుకుంటూ బస్సు పక్కన చాలాసేపు కూర్చున్నాను.

నేర్పడం ఆ శరత్కాలంలోనే మొదలుపెట్టాను, ఒక హైస్కూలు డ్రమ్‌లైన్‌కు. అక్కడ నాకు ఎక్కువ నేర్పింది బేస్ డ్రమ్ములు. అయిదు సైజుల డ్రమ్ములు, అయిదుగురు పిల్లలు, ఒకే బాణీని ముక్కలు చేసి పంచుకుంటారు. ఒక్కొక్కరికి నడుమ నడుమ ఒక్కో దెబ్బే. ఒంటరిగా ఇంట్లో సాధన చేస్తే దానికి అర్థమే ఉండదు. మూడో డ్రమ్ము పిల్లవాడు ఎప్పుడూ ముందే కొట్టేసేవాడు. మొదట్లో వాడి మీద గట్టిగా అరిచాను. అది తప్పు, తర్వాత వాడికి క్షమాపణ చెప్పాను. వాడికి కాలం తెలియక కాదు, వెనకబడతానన్న భయం. ఒకరోజు వాడి చేతిలో పుల్లలు తీసుకుని, అయిదుగురి దెబ్బలూ నోటితో పలకమన్నాను. రెండు వారాలు అదే పని. పక్కవాళ్ల దెబ్బలన్నీ నోటికి వచ్చాక వాడిది తనంతట తనే వెళ్లి తన చోట పడింది. నాకు బెంచీ మీది స్కేళ్లు గుర్తొచ్చాయి.

2019 వేసవిలో ఒక కోర్‌కు స్నేర్లు నేర్పాను. అందులో ముగ్గురికి 2020 చివరి ఏడు. ఆ ఏడు కోవిడ్ వల్ల పోటీలన్నీ రద్దయ్యాయి. వీడియో కాల్లో పాఠాలు పెట్టాం. అందులో కలిసి కొట్టడం అసాధ్యం. ఒక్కొక్కరి ఇంటి నుంచి చప్పుడు ఒక్కో ఆలస్యంతో వస్తుంది. అందరి మైకులూ ఆపి, ఎవరికి వారు మెట్రోనోముతో కొట్టుకుని రికార్డు చేసి పంపేవారు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి, మళ్లీ ఎవరి పక్కనా నిలబడి కొట్టే రోజు రాదు కదా అని ఏడ్చింది. నేనేం చెప్పగలను? ఆ రాత్రి మిత్రుడికి ఫోను చేశాను. స్పీకరు పెట్టి, వాడు డప్పు మీద, నేను ప్యాడు మీద 'డాడీ మమ్మీ' మొదలుపెట్టాం. నాలుగు దెబ్బలు కూడా కలవలేదు. "నువ్వే రావాలె" అన్నాడు.

2023 డిసెంబరులో వచ్చాను. వాడు సాయంత్రాలు మన గ్రౌండులో పిల్లలకు డప్పు నేర్పుతున్నాడు, ఎవరి పిల్లలైనా సరే. గడ్డి మంట వేసి డప్పులు కాచాడు. అమెరికాలో మేం కెవ్లార్ మూతను తాళంచెవితో తిప్పి రాయిలా బిగించేవాళ్లం; ఇక్కడ అదే పని నిప్పు చేస్తుంది. వేలితో మీటి చూసి, ఒకటి నా చేతికిచ్చాడు. పిల్లలు వరుస కట్టారు. వాడు వెళ్లి మధ్యలో నిలబడ్డాడు. నేను వాడి కుడిపక్కన. చీకటి పడి పిల్లల్ని తల్లులు పిలుచుకుపోయేదాకా కొట్టాం.

మన బ్యాచీ తరఫున రెండు కొత్త సైడ్ డ్రమ్ములు బడికి ఇచ్చాం. బిగించే తాళంచెవులు ఆఫీసు గదిలో ఉన్నాయి. వానాకాలం మూతలు వదులవుతాయి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి బిగించాలి. ప్రభాత భేరి సాధన సాయంత్రం అయిదున్నరకు, వాడు గ్రౌండులోనే ఉంటాడు.