మన పుస్తకాల్లో అందరూ నిలబడే ఉంటారు

"మన పండగ పుస్తకాల్లో ఎవ్వరూ ఏమీ చెయ్యరమ్మా. అందరూ నిలబడి నవ్వుతుంటారు, అంతే" అన్నాడు మావాడు. రెండో క్లాసు వెధవ. ఇండియా నుంచి తెచ్చిన సంక్రాంతి పుస్తకం, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్నది, వాడి ఒళ్లో పెట్టి "ఇవాళ ఇది చదువుకుందాం నాన్నా" అన్నందుకు వచ్చిన జవాబు అది. వాడికి మాత్రం లైబ్రరీ నుంచి తెచ్చుకున్న తమాలెస్ కథే (తమాలెస్ అంటే మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఉడికించే మెక్సికన్ వంటకం) మళ్లీ కావాలట.

ఒళ్లు మండింది. సూట్‌కేసు బరువు ఎక్కువైతే ఆవకాయ సీసా తీసేసి మరీ పెట్టుకొచ్చిన పుస్తకమది. కానీ వాడు పడుకున్నాక తిరగేసి చూస్తే వాడన్నది నిజమే. మొదట ముగ్గు, తర్వాత గొబ్బెమ్మలు, తర్వాత హరిదాసు, ఆ తర్వాత గంగిరెద్దు. పట్టుపరికిణీ కట్టుకున్న పిల్ల ప్రతి పేజీలోనూ పక్కన నిలబడి ఉంది. ముగ్గు తొక్కేసిన తమ్ముడు లేడు. పాకం ముదిరి అరిసెలు రాళ్లయ్యాయని తోడికోడల్ని దెప్పే పెద్దమ్మ లేదు. భోగిమంటలో పాత కుర్చీ పడేశారని తాతయ్య అలగడం లేదు. మా ఇంట్లో సంక్రాంతి అంటే ఇవే.

వాడికి కావాల్సిన ఆ తమాలెస్ కథ గారీ సోటో రాసిన 'టూ మెనీ తమాలెస్', 1993 నాటిది. క్రిస్మస్ ముందురోజు అమ్మ మొక్కజొన్న పిండి కలుపుతూ ఉంగరం తీసి పక్కన పెడుతుంది. కూతురు మరియా ముచ్చటపడి అది తొడుక్కుని పిండిలో చెయ్యి పెడుతుంది. తీరా చూస్తే వేలికి ఉంగరం లేదు, తమాలెస్ ఉడికిపోయాయి. చుట్టాల పిల్లల్ని కూర్చోబెట్టి, ఉంగరం కోసం అన్నీ తినిపిస్తుంది పాపం. పండగ విశిష్టత చెప్పడానికి రచయిత కథని ఎక్కడా ఆపడు. మావాడికి మాత్రం పిండి ఎలా కలుపుతారో, పొత్తు మీది ఆకులో దాన్ని ఎలా చుడతారో, ఇంటిల్లిపాదీ వంటింట్లో ఎలా చేరతారో అన్నీ తెలిసిపోయాయి. అరిసె ఎలా చేస్తారో వాడికి తెలీదు.

అది ఇంగ్లీషు పుస్తకం, స్పానిష్‌లో విడిగా వచ్చింది. రెండు భాషలూ కలిపి ఉన్నవాటిలో మా ఇంట్లో బాగా నలిగింది చిత్రకారిణి కార్మెన్ లోమాస్ గార్సా 1990లో వేసిన 'ఫ్యామిలీ పిక్చర్స్ / క్వాద్రోస్ దె ఫమీలియా'. ఆవిడ మా టెక్సస్ మనిషే, దక్షిణాన కింగ్స్‌విల్‌లో పుట్టి పెరిగింది. ఒక్కో బొమ్మకీ ఇంగ్లీషులో నాలుగు మాటలు, స్పానిష్‌లో నాలుగు మాటలు. ఒక బొమ్మలో ఇంటిల్లిపాదీ కూర్చుని తమాలెస్ చుడుతుంటారు. ఒక బొమ్మలో పొసాదాస్. అంటే డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు, మేరీ, జోసెఫ్ తలదాచుకోవడానికి చోటు వెతుక్కున్నట్టు జనం ఇంటింటికీ పాడుతూ తిరగడం. ఇంకో బొమ్మలో అమ్మమ్మ పెరట్లో రాత్రి భోజనానికి కోడిని చంపుతుంటే పిల్లలు చూస్తుంటారు.

ఆ కోడి బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా నాయనమ్మా కనుమ నాడు పెరట్లో కోడిని కోసేది. మేం గుమ్మం వెనక నక్కి చూసేవాళ్లం, తర్వాత ముక్కల కోసం కొట్టుకునేవాళ్లం. నా సూట్‌కేసు పుస్తకంలో కనుమ అంటే కొమ్ములకి రంగు వేసిన ఎద్దు ఒక్కటే, అదీ నిలబడే ఉంది. ఒకవేళ అందులో కోడి బొమ్మ ఉంటే నేను కొనేదాన్నా? కొనేదాన్ని కాదు. "పిల్లల పుస్తకంలో ఇదేం ఖర్మ" అని అరలో పెట్టేసేదాన్ని. మెక్సికన్ అమ్మమ్మ చంపితే కళ, మా నాయనమ్మ చంపితే మొరటుతనం!

ఈ రెండు భాషల పుస్తకాల వెనక పెద్ద గొడవే ఉంది. టెక్సస్‌లో 1918 నుంచీ ఇంగ్లీషులో తప్ప పాఠం చెప్పకూడదని చట్టం ఉండేది. 1969 దాకా దాన్ని ఎత్తెయ్యలేదు. బళ్లో స్పానిష్ మాట్లాడిన పిల్లల్ని దండించేవాళ్లు. లోమాస్ గార్సా ఆ బళ్లలో చదివిన తరం మనిషి. అందుకే ఒకే పేజీలో రెండు భాషలూ అచ్చవ్వడం వాళ్లకి చిన్న విషయం కాదు. ఇప్పుడు మా హ్యూస్టన్‌లో యూనివర్సిటీ ప్రెస్సు ఆర్తె పుబ్లికోకి పిల్లల పుస్తకాల కోసమే 'పిన్యాతా బుక్స్' అని ఒక విభాగం ఉంది. ఎల్ పాసోలో పుట్టిన రచయిత్రి పాట్ మోరా 1996లో మొదలుపెట్టిన పిల్లల పుస్తకాల పండగని ఏటా ఏప్రిల్ 30కి లైబ్రరీలు చేస్తుంటాయి.

మనకా గొడవ లేదనుకునేదాన్ని. తర్వాత గుర్తొచ్చింది, నేను చదువుకున్న కాన్వెంటులో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. ఏ దొరా వెయ్యలేదు ఆ ఫైను. కరస్పాండెంటుగారు ఇంటికెళ్లి శుభ్రంగా తెలుగే మాట్లాడేవారు. మా నాన్న ఆ రూపాయి ఇచ్చి "బాగా చెప్తున్నారు బళ్లో" అని మురిసిపోయేవారు. నేనేం తక్కువ తిన్నానా? మావాణ్ని స్పానిష్ డ్యూయల్ లాంగ్వేజ్ క్లాసులో వేసింది నేనే, రేపు ఉద్యోగానికి పనికొస్తుందని. వాడిప్పుడు స్పానిష్‌లో పేజీలకి పేజీలు చదువుతాడు. తెలుగులో 'క'కీ 'త'కీ తేడా అడిగితే నీళ్లు నములుతాడు. ఆదివారం తెలుగు బడికి తోలుతున్నాను గానీ, సాకర్ మ్యాచ్ ఉన్న ఆదివారం మానిపించేదీ నేనే.

పైగా ఊరికి ఉపదేశాలు. మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా "పిల్లలకి తెలుగు ఎలా?" అంటే చాలు, "రెండు భాషల పుస్తకాలు కొనండి, తూలికా వాళ్లవి ఉన్నాయి, మంచి పుస్తకం వాళ్లవి ఉన్నాయి, తెలుగు వైపు వేలు పెట్టి చదవండి" అని దంచేస్తాను. ఇంట్లో మాత్రం ఇంగ్లీషు పేరాల మీద పసుపు స్టిక్కీ నోట్లు అతికించాను, వాడు తెలుగు తప్ప చదవకుండా. వాడు ఒక్కొక్కటీ పీకి వరసగా నుదుటికి అతికించుకుని చదువుకున్నాడు. ఆ మాటకొస్తే లోమాస్ గార్సా పుస్తకంలో స్పానిష్ వైపు నేనెప్పుడైనా చూశానా?

బడి పార్కింగులో వాడి స్నేహితుడి వాళ్లమ్మతో ఈ గోడు వెళ్లబోసుకున్నాను. వాళ్లది మెక్సికోలోని మోంతెరే. ఆవిడ నవ్వేసింది. వాళ్లబ్బాయీ ఇంగ్లీషు వైపే చదువుతాడట. స్పానిష్ వైపు వాళ్ల అమ్మమ్మ చదువుతుందట, పుస్తకం ఒకటే, ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారట. నాకు కాస్త ఊరట కలిగింది, వెంటనే ఆ ఊరట పోయింది. మా అమ్మ రాజమండ్రిలో ఉంది.

ఇక అసలు సంగతి. అక్టోబరు చివర్లో బడినుంచి చీటీ వచ్చింది, దియా దె లోస్ మ్వెర్తోస్‌కి, అంటే పోయినవాళ్లని తలుచుకునే మెక్సికన్ పండక్కి, క్లాసులో ఒఫ్రెండా (వాళ్ల కోసం పేర్చే బల్ల) పెడుతున్నాం, పోయిన పెద్దవాళ్ల ఫొటో ఒకటి పంపమని. నవంబరు 1న చిన్నపిల్లల ఆత్మలు, 2న పెద్దవాళ్లవి ఇంటికొస్తాయని నమ్మకం. బల్ల మీద ఫొటో, దీపాలు, ఉప్పు, దూరం నుంచి దాహంతో వస్తారు కాబట్టి గ్లాసుతో నీళ్లు, వాళ్లకిష్టమైన తిండి. దారి తెలియడానికి బంతిపూలు. బంతి పుట్టిల్లు మెక్సికోయే, మన గుమ్మాలకి తర్వాతెప్పుడో వచ్చింది. ఈ మాట మా అమ్మకి చెబితే నమ్మలేదు.

మావాడు తాతయ్య బొమ్మ గీశాడు. క్లాసులో చదివిన పుస్తకాల్లో ఉన్నట్టే పుర్రె ముఖం, కళ్ల గుంటల్లో పూలు, వాటి మీద మా నాన్న నల్ల ఫ్రేము కళ్లజోడు, చేతిలో పేపరు. ఎంత బాగా కుదిరిందంటే, పుర్రెకి కూడా మా నాన్న పోలికే. గీసి అడిగాడు: "తాతయ్యని కాల్చారుగా? మరి ఎముకలెక్కడున్నాయి?" గోదావరిలో, కోటిలింగాల రేవు దగ్గర మీ మావయ్య కలిపాడు అన్నాను. "అయితే చేపల మధ్య గియ్యాల్సింది" అని మళ్లీ కాగితం తీసుకున్నాడు.

అదే వారం గ్రూపులో పెద్ద వ్యాసం రాశాను నేను, మెక్సికన్లు పిల్లలతో చావు గురించి ఎంత సహజంగా మాట్లాడతారో, మనం ఎందుకు "శుభమా అంటూ ఆ మాటలేంటి" అని నోరు మూయిస్తామో అని. బోలెడు లైకులు. ఆ సాయంత్రమే మా అమ్మ వీడియో కాల్ వేళకి ఫ్రిజ్ మీంచి ఆ బొమ్మ పీకి స్పూన్ల డ్రాయరులో దాచాను. ఇప్పటికీ అక్కడే ఉంది. అమ్మకి చూపిస్తే ఏడుస్తుందని భయమా, నవ్వుతుందని భయమా? మేం తద్దినానికి విస్తట్లో పెడతాం, కాకి కోసం ఎదురుచూస్తాం, ఆయనకిష్టమని గారెలు వండుతాం. దాన్ని పిల్లల పుస్తకంగా వెయ్యాలని మాత్రం ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఎవరైనా వేస్తే కొంటానో లేదో కూడా తెలీదు, కోడి విషయంలో నా సంగతి చూశాంగా.

ఫొటోకి తోడు తిండి కూడా పంపొచ్చట. తాపేశ్వరం కాజా పెడదామనుకున్నా. ఇక్కడ ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది. అమ్మకి ఫోన్లో చెప్పాను, బొమ్మ సంగతి తప్ప.

"షుగరు మనిషికి కాజా పెడతావుటే? బుద్ధుందా నీకు?"

"పోయాక షుగరేంటమ్మా!"

"ఆయనకి అలవాటు చెయ్యకు. పెసరట్టు పెట్టు, అల్లం దండిగా వెయ్యి."

పెసరట్టు పొద్దున్న బడికెళ్లేసరికి తోలులా సాగుతుంది, టీచరు ఏమనుకుంటుందో అని నేను. తాతయ్యకేది ఇష్టం అని మావాడు. మా తమ్ముణ్ని అడిగితే సిగరెట్టు అన్నాడు, అమ్మకి తెలీకుండా కాల్చేవారట. ఒఫ్రెండాల మీద సిగరెట్లు కూడా పెడతారని మావాడు ఎక్కడో చదివాడు. వాడిప్పుడు దానికోసం పట్టుబట్టి కూర్చున్నాడు.