మొగలి అత్తరు కొవ్వొత్తి: మచ్చలు బాగా పడ్డ బ్యాచ్ కొలతలు

ఈసారి మచ్చలు నేను కోరుకున్నట్టే పడ్డాయి. ముదురు ఆకుపచ్చ కొవ్వొత్తి ఒంటి నిండా, చలికాలంలో సీసాలో గడ్డకట్టే కొబ్బరినూనెలో కనబడే తెల్లపూలలా వచ్చాయి. కొలతలు మరచిపోకముందే రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తాయి.

మైనం గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలుగా మారుతుంది, వాటిలో ఇమడని నూనె మధ్య సందుల్లో చిక్కుకుంటుంది, అక్కడ వెలుతురు చెదిరి మనకి తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి కావలసినవి రెండే, మైనం పట్టుకోలేని కాస్త నూనె, నింపాదిగా చల్లారడం. మామూలుగా కొవ్వొత్తులు చేసేవాళ్లు ఈ మచ్చలు రాకుండా ఉండడానికే వైబార్ అనే పాలిమర్ కలుపుతారు, అది నూనెని పట్టేసి రంగు సమంగా వచ్చేలా చేస్తుంది. మనకి అది వద్దు, కొవ్వొత్తి గట్టిపడడానికి వేసే స్టియరిక్ యాసిడ్ కూడా నేను వేయడం లేదు.

ఇక అత్తరు సంగతి. మాది ఒడిశాలోని బరంపురం, మొగలిపువ్వుకి మా గంజాం జిల్లా పెట్టింది పేరు. ఛత్రపూర్, చికిటి వైపు బట్టీల్లో డేగులనే పెద్ద రాగి పాత్రల్లో పూలు కాచి, ఆ ఆవిరిని నూనెలోకి దింపుతారు. గంధం నూనెలోకి దింపితే ఖరీదైన అత్తరు, లిక్విడ్ పారాఫిన్ అనే ఖనిజ నూనెలోకి దింపితే చవక రకం. ఏ నూనె లేకుండా తీసింది రూహ్, దాని ధర వింటే కొవ్వొత్తిలో పోయడానికి చేయి రాదు. అత్తరు ఇష్టపడేవాళ్లు పారాఫిన్ రకాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, మచ్చలకి కావలసిన నూనె సరిగ్గా అదే! వాసనా మచ్చలూ ఒకే సీసాలోంచి వస్తున్నాయి. కొనేటప్పుడు ఏ నూనెలో తీసిందో అడిగి తీసుకోండి.

మైనం 58-60 డిగ్రీల దగ్గర కరిగే రకం, బాగా రిఫైన్ చేసిన పారాఫిన్, 500 గ్రాములు. అత్తరు 15 గ్రాములు, అంటే 3 శాతం. మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి, 85 డిగ్రీలకి వచ్చాక రంగు, పొయ్యి కట్టేశాక అత్తరు వేసి నెమ్మదిగా కలిపాను. రంగు కొవ్వొత్తులకి అమ్మేదే వాడండి, పిల్లల క్రేయాన్లు వేస్తే ఒత్తి మూసుకుపోతుంది. లేత రంగులో మచ్చలు ఉన్నా కనబడవు.

అసలు పని చల్లార్చడంలో ఉంది. అల్యూమినియం అచ్చుని ముందే వేడిచేసి, 80 డిగ్రీల దగ్గర పోసి, ఊక నింపిన బుట్టలో మెడదాకా పాతి, పైన పాత తువ్వాలు కప్పాను. అదే మైనం కొంచెం ఇంకో అచ్చులో పోసి చల్లటి నీళ్లలో పెట్టి చూశాను, అది నున్నగా, ఒకే రంగులో వచ్చింది, ఒక్క మచ్చ లేదు. రెండూ పక్కపక్కన పెడితే ఊక ఏం చేసిందో తెలిసిపోతుంది. మే నెలలో మా ఊరి వేడికి ఊక లేకపోయినా నడుస్తుందేమో గానీ డిసెంబరులో తప్పదు.

గడ్డకట్టేకొద్దీ ఒత్తి చుట్టూ మైనం లోపలికి గుంటపడుతుంది. పైపొర కట్టగానే అల్లిక సూదితో ఒత్తి పక్కన లోతుగా పొడిచి, దాచి ఉంచిన అదే మైనాన్ని ఈసారి ఇంకో అయిదు డిగ్రీలు ఎక్కువ వేడిచేసి పోయాలి. మొదటిసారి పోసిన మట్టం దాటి పోస్తే అచ్చుకీ కొవ్వొత్తికీ మధ్య సందులోకి జారి, మచ్చల మీద ఇంకో పొర కట్టేస్తుంది. తర్వాత రాత్రంతా కదపకూడదు.

వెలిగిస్తే మాత్రం వాసన గది మూలల దాకా రావడం లేదు. అత్తరు పెంచితే చాలంటారు గానీ 6 శాతం దగ్గరికి వెళ్తే కొవ్వొత్తి నూనె కక్కుతుంది, ఎండాకాలం మరీను. అందుకే 4 శాతం దగ్గర ఆగి, దానికి తోడు నాలుగైదు చుక్కల రూహ్ వేసి చూద్దామనుకుంటున్నా. వానాకాలం పూలు దిగి కొత్త సరుకు వచ్చాక ఆ బ్యాచ్ పోస్తాను.